జేబులో మడత కత్తి: రైతుకు ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు



పొద్దున తోటకు బయలుదేరేటప్పుడు నా జేబుల్లో మూడు వస్తువులు ఉండాల్సిందే. ఫోను, తుండుగుడ్డ, మడత కత్తి. ఫోను మర్చిపోయినా ఆ రోజు గడిచిపోతుంది. కత్తి మర్చిపోతే మాత్రం తోట గేటు దగ్గరినుంచే వెనక్కి తిరుగుతాను. మొన్న డ్రిప్ వీడియోలో లేటరల్ పైపు కోస్తుంటే నా చేతిలో ఉన్న కత్తి గురించి చాలామంది ఫోన్ చేసి అడిగారు. "తమ్ముడూ, ఆ కత్తి ఎక్కడ దొరుకుతుంది, ఎంత పడింది?" అని. పేరు, రేటు చెబితే రెండు ముక్కల్లో అయిపోతుంది. కానీ ఆ కత్తి నా జేబులోకి ఎందుకొచ్చిందో చెప్పకుండా రేటు ఒక్కటే చెబితే లాభం లేదు. అందుకే ఇంత రాస్తున్నాను.

మాది అనంతపురం జిల్లా. నాలుగెకరాల చీనీ, ఎకరంన్నర దానిమ్మ, మిగతాది శెనక్కాయ, కంది. గానుగ నూనె మేమే ఆడించి అమ్ముతాం. చీనీకాయలు బాక్సుల్లో పెట్టి బెంగళూరు పంపిస్తాం. అగ్రికల్చర్ డిప్లొమా చదివేటప్పుడు మాకు పనిముట్ల మీద పాఠం ఉండేది. నాగలి, గొర్రు, గుంటక, స్ప్రేయరు, అన్నీ బొమ్మలు వేయించారు. జేబు కత్తి గురించి ఒక్క మాట కూడా లేదు. నిజం చెప్పాలంటే రోజులో ఎక్కువసార్లు చేతికొచ్చే పనిముట్టు అదే. సుతిలి కోయాలి, వేపపిండి బస్తా విప్పాలి, డ్రిప్ పైపు ముక్క చేయాలి, కషాయానికి ఆకులు తరగాలి, కాయ కోసి లోపల రసం చూడాలి, గ్రీజు ప్యాకెట్ చింపాలి. ఒక రోజు సరదాగా లెక్కపెట్టాను. మధ్యాహ్నం అన్నం తినేలోపే పద్నాలుగుసార్లు తీశాను.

మూడేళ్ల కిందటి దాకా నా జేబులో ఉండేది ఆఫీసుల్లో కాగితాలు కోసే కట్టర్. బ్లేడు మీద అడ్డంగా గీతలుంటాయి చూడండి, మొన మొద్దుబారితే ఒక ముక్క విరిచి పారేస్తే వెనక కొత్త మొన వస్తుంది. ఈ ఉపాయం 1956లో జపాన్‌లో పుట్టింది. ఓల్ఫా కంపెనీ మొదలుపెట్టిన ఒకాడా అనే ఆయన, గాజుపెంకు విరిస్తే వచ్చే పదును, గీతల దగ్గర విరిచే చాక్లెట్ బిళ్ల, ఈ రెండూ కలిపి ఆలోచించాడంటారు. తెలివైన వస్తువే, కాగితానికి, అట్టకు దాన్ని మించింది లేదు. నేను కొన్నది పేరూ ఊరూ లేని ముప్పై రూపాయల సరుకు. పోతే పోయింది అన్న ధీమాతో వాడేవాణ్ణి.

ఆ ఏడాది సంక్రాంతి దాటాక ఒక సాయంత్రం శెనక్కట్టె వామి మీద కప్పిన టార్పాలిన్ విప్పుతున్నాను. నైలాన్ తాడు ముడి బిగుసుకుపోయింది. చీకటి పడుతోంది, ముడి విప్పే ఓపిక లేదు. కట్టర్ తీసి తాడు కింద పెట్టి పైకి లాగాను. తాడు తెగలేదు, కట్టర్ మెలిపడింది. టిక్కుమని చిన్న చప్పుడు. బ్లేడు చివర లేదు.

ఫోను లైటు వేసి వెతికాను. ఎండిన కట్టెలో వేలి గోరంత ఇనప ముక్క ఎక్కడ కనపడుతుంది? పది నిమిషాలు వెతికి, పొద్దున చూద్దాంలే అని దిగేశాను. పొద్దున బెంగళూరు లోడు ఉండింది. చూడలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు కూడా. ఇది రాయడానికి కూడా నాకు సిగ్గుగానే ఉంది.

దాదాపు మూడు వారాలకు మా గౌరి మేత మానేసింది. గౌరి మా నాటు ఆవు. జీవామృతం మొదలుపెట్టిన మొదటి రోజు పేడ, మూత్రం దానివే. పాలు పెద్దగా ఇవ్వదు, పూటకు లీటరున్నర. ఆ రోజు పావులీటరుకు పడిపోయింది. అజీర్తి అనుకుని అమ్మ వాము, బెల్లం పెట్టింది. రెండో రోజు నడుము పైకి గూని పెట్టి నిలబడింది. ముందుకాళ్ల మోచేతులు బయటికి తోసినట్టు పెట్టింది. కొట్టం నుంచి తొట్టి దగ్గరికి చిన్న దిగుడు ఉంటుంది, ఆ దిగుడు దిగనని మొండికేసింది. పడుకునేటప్పుడు మూలిగింది.

పశువుల డాక్టరు వచ్చి ముందు జ్వరం చూశాడు, తర్వాత మూపురం వెనక వీపు చర్మాన్ని రెండు చేతులా పట్టి గట్టిగా పిండాడు. మామూలు ఆవు అలా పిండితే నడుము కిందికి వంచుతుంది. గౌరి వంచలేదు, మూలిగింది.

"ఇనుము తిన్నట్టుంది. వైరో, మేకో ఏమన్నా మేతలో పడిందా?" అన్నాడు.

నాయన "మా ఇంట్లో ఇనుమెందుకు పడుతుంది సార్" అన్నాడు. నేను నేల చూపులు చూశాను. కాసేపటికి చెప్పక తప్పలేదు. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఈ జబ్బు గురించి డిప్లొమాలో రెండు లైన్లు చదివాను గానీ కళ్లతో చూడటం అదే మొదటిసారి. మేకకు, గొర్రెకు పెదవులతో ఏరుకుని తినే అలవాటుంటుంది. ఆవు, గేదె అలా కాదు, నాలుకతో చుట్టి లాగి పెద్దగా నమలకుండా మింగేస్తాయి, తర్వాత తీరిగ్గా నెమరేస్తాయి. మేతలో ఉన్న మేకు, తీగ ముక్క బరువుకు జారి తేనెపట్టు గదుల్లా ఉండే రెండో కడుపులో పడతాయి. ఆ కడుపు ముడుచుకున్నప్పుడల్లా మొన గోడకు గుచ్చుకుంటుంది. ఆ గోడకు అవతల బెత్తెడు దూరంలో గుండె. అక్కడిదాకా పోతే మెడ కింద, రొమ్ము దగ్గర నీరు దిగుతుంది. ఇక ఆశ ఉండదు.

డాక్టరు వేలంత పొడవున్న అయస్కాంతం ఒకటి మింగించాడు, ఇంజెక్షన్లు ఇచ్చాడు, ముందుకాళ్లు ఎత్తుగా ఉండేటట్టు కొట్టంలో మట్టి పోసి దిమ్మె కట్టమన్నాడు. అలా ఉంటే కడుపులో ఇనుము ముందుకు జరగకుండా వెనక్కి ఉంటుంది. నాలుగు రోజులు చూశాం, మేత పట్టలేదు. ఐదో రోజు ఆపరేషన్ చేశారు. నిలబెట్టే, ఎడమ డొక్క మొద్దుబారేటట్టు మందిచ్చి, కోసి, పెద్ద కడుపులోంచి చెయ్యి పెట్టి రెండో కడుపు వెతికాడు. భుజం దాకా లోపలికి పోయిన ఆ చెయ్యి బయటికొచ్చేసరికి అయస్కాంతానికి అతుక్కుని నాలుగు వస్తువులున్నాయి. రెండు మేకులు, ఒక వంకర బైండింగ్ వైరు, నా కట్టర్ ముక్క.

"గోడకు గుచ్చుకున్నది ఈ వైరు. నీ బ్లేడు ఊరికే అడుగున పడి ఉంది. అదింకా పని మొదలుపెట్టలేదు" అన్నాడు డాక్టరు.

ఆ మాటకు ఊపిరి పీల్చుకోవాలో, ఇంకా భయపడాలో అర్థం కాలేదు. వైరు ఎక్కడిదో మాకు తెలుసు. పోయిన ఏడాది రేకుల షెడ్డు వేయించినప్పుడు మేస్త్రీలు వదిలేసిన ముక్కలు. గౌరి బతికింది. అయస్కాంతం మళ్లీ లోపలే పెట్టి కుట్టేశారు, అది జన్మంతా అక్కడే ఉంటుంది. ఆ రాత్రే కట్టర్ తీసుకెళ్లి అట్టపెట్టెల గదిలో పెట్టాను. మళ్లీ కొట్టం వైపు తేలేదు. కొట్టంలో, వామి దగ్గర, మేత కోసే చోట విరిగే బ్లేడు వాడకూడదు. కత్తి ఎంచుకోవడంలో నాకు మొదటి లెక్క అదే అయింది. పదును, రేటు, అందం అన్నీ ఆ తర్వాతే.

దాని తర్వాత వెంటనే మంచి కత్తి కొన్నానంటే అబద్ధం. జాతరలో ఎనభై రూపాయలకు ఒక మడత చాకు కొన్నాను. చూడ్డానికి బాగుంది. తెరిస్తే స్ప్రింగ్ బిగువుకు నిలబడుతుంది, అంతే, లాక్ లేదు. మెల్లగా కాయ కోయడానికి సరే. పది రోజులకే డ్రిప్ పైపుకు రంధ్రం చేద్దామని మొనతో పొడిచాను. మొన జారింది, బ్లేడు టపుక్కున మడుచుకుని నా చూపుడు వేలి మీదే మూసుకుంది. నాలుగు కుట్లు. మూడు వారాలు ఎడమచేత్తో అన్నం తిన్నాను. ఇంట్లో వాళ్లకు అదో వినోదం.

కాబట్టి రెండో లెక్క లాక్. మనం తోటలో చేసే పనుల్లో కత్తి ఎప్పుడూ ఒకే వైపు లాగం. పొడుస్తాం, మెలితిప్పుతాం, ఒక్కోసారి వెన్ను వైపు కూడా ఒత్తిడి పడుతుంది. తెరిచాక గట్టిగా నిలబడే కత్తే కావాలి. లాకుల్లో రకాలున్నాయి. కింద వీడియోలో నాలుగూ విప్పి చూపించాను, ఇక్కడ మాటల్లో చెబుతాను.

ఎక్కువగా దొరికేది లైనర్ లాక్. పిడి లోపల సన్నని ఉక్కు రేకు ఉంటుంది. బ్లేడు పూర్తిగా తెరవగానే ఆ రేకు పక్కకు దూకి బ్లేడు మడమ వెనక నిలబడుతుంది. మూయాలంటే బొటనవేలితో రేకును పక్కకు నెట్టాలి. ఒంటిచేత్తో మూయొచ్చు. లోపం ఏమిటంటే, నెట్టేటప్పుడు బొటనవేలు బ్లేడు దారిలోనే ఉంటుంది. రేకు తప్పుకుని బ్లేడు కదలగానే వేలు తీసేయాలి. రెండు రోజుల్లో అలవాటవుతుంది. అదే పని పిడి గోడే చేస్తే ఫ్రేమ్ లాక్ అంటారు, ఇంకా గట్టిది, కొంచెం ఖరీదు.

బ్యాక్ లాక్‌కు పిడి వెన్ను మీద నొక్కే బద్ద ఉంటుంది. గట్టిగానే ఉంటుంది గానీ ఆ బద్ద కూర్చునే గాడిలో మన ఎర్రమట్టి, శెనక్కట్టె దుమ్ము చేరితే సగమే కూర్చుంటుంది. లాక్ పడిందని మనం అనుకుంటాం, అది పడి ఉండదు. రోజూ దులిపి శుభ్రం చేసుకునేవాళ్లకు సరే. నాలాంటి బద్ధకస్తులకు కాదు.

ఇంకోటి ఉంగరం లాక్. ఫ్రాన్స్‌లో సావోయ్ అనే కొండ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ అనే పనివాడు 1890లో రైతుల కోసం చెక్క పిడి మడత కత్తి మొదలుపెట్టాడు. ఆ తర్వాత 1955లో దానికి మెడ దగ్గర తిప్పే ఉక్కు ఉంగరం వచ్చింది. తెరిచి ఉంగరం తిప్పితే మూసుకోదు. నూరేళ్లు దాటినా ఆ కత్తి రూపం పెద్దగా మారలేదంటే అందులో ఏదో ఉందన్నట్టే. సన్నని బ్లేడు, కాయ కోస్తే వెన్నలా దిగుతుంది. కానీ తెరవడానికి రెండు చేతులు కావాలి, చెక్క పిడి తడిస్తే ఉబ్బి బిగుసుకుంటుంది. రోజుకు పదిసార్లు నీళ్లలో, జీవామృతంలో చెయ్యి పెట్టే మనకు అది ఇబ్బంది.

ఎర్ర పిడి స్విస్ కత్తుల గురించి కూడా అడుగుతారు. కార్ల్ ఎల్సెనర్ 1897లో రిజిస్టర్ చేయించిన ఆఫీసర్ కత్తి నుంచి వచ్చిన వరస అది. స్క్రూడ్రైవరు, కత్తెర, డబ్బా ఓపెనర్ అన్నీ ఉంటాయి. మామూలుగా అందరూ కొనే 91 మిల్లీమీటర్ల సైజులో పెద్ద బ్లేడుకు లాక్ ఉండదు, పెద్ద సైజు 111లో ఉంటుంది. ప్రయాణానికి పెట్టుకోండి. తోటలో ఆ గాళ్ల నిండా మట్టి చేరితే కడుక్కోవడమే ఒక పని.

ఒంటిచేత్తో తెరవడం ఎందుకంత ముఖ్యమో మొన్న వానాకాలం తెలిసింది. పెయ్యదూడ పలుపు మెడకు మెలిపడి, గుంజకు చుట్టుకుని, ముందుకాళ్లు కిందికి జారి వేలాడింది. మా ఆవిడ అరిస్తే పరిగెత్తాను. ఎడమచేత్తో దూడను పైకి ఎత్తి పట్టుకోవాలి, కుడిచెయ్యి ఒక్కటే ఖాళీ. బ్లేడు మీదున్న బుడిపెను బొటనవేలితో నెట్టి తెరిచి తాడు కోశాను. రెండు చేతులతో గోరు పెట్టి తెరవాల్సిన చాకు అయ్యుంటే ఏమయ్యేదో. అప్పుడే ఇంకో సంగతి కూడా గమనించాను. దూడ గింజుకుంటుంటే కత్తి మొన దాని మెడకు అంగుళం దూరంలో ఆడింది. మొన సూదిలా ఉంటే దిగిపోయేది. అందుకే నేను ఎంచుకున్న బ్లేడు గొర్రె కాలిగిట్ట ఆకారం, అంటే అంచు తిన్నగా, వెన్ను ముందుకొచ్చి కిందికి వంగి మొనను మొద్దు చేస్తుంది. పొడవడానికి పనికిరాదు. పొడిచే పని మనకు తక్కువ, పైపుకు రంధ్రం చేయడానికి పంచ్ వేరే ఉంది కదా. నా వేలు కోసుకున్నాక ఆ పంచ్ జేబులో కాకపోయినా సంచిలో ఉంటోంది.

నైలాన్ తాడు కోయడానికి రంపం పళ్ల అంచు ఉన్న కత్తులు బాగుంటాయని కొందరంటారు. నిజమే, కొత్తలో తాడును రంపంలా కోసేస్తాయి. మొద్దుబారాక ఆ పళ్లకు సాన పట్టడం మనవల్ల కాదు. మామూలు అంచునే పదునుగా ఉంచుకుంటే తాడు తెగుతుంది. అంచు పొడవు ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర సెంటీమీటర్లు చాలు. అంతకంటే పెద్దదైతే జేబులో కూర్చుంటే తొడకు గుచ్చుకుంటుంది, చిన్నదైతే చీనీకాయ అడ్డంగా ఒక్క వేటుకు తెగదు.

ఉక్కు దగ్గర మా కమ్మరి మామతో పెద్ద వాదనే అయింది. ఆయన కొలిమిలో లారీ కమాను పట్టాలతో కొడవళ్లు చేస్తాడు, చుట్టుపక్కల వాటికి మంచి పేరు.

"మామా, స్టెయిన్‌లెస్ కొందామనుకుంటున్నా" అన్నాను.

"ఒరే అల్లుడూ, అది గిన్నెలకురా, కత్తులకు కాదు. సాన పట్టదు, పట్టినా నిలబడదు" అన్నాడు.

ఆయన మాటలో సగం నిజం ఉంది. కార్బన్ ఉక్కు సులువుగా పదునెక్కుతుంది, సన్నని అంచు నిలబడుతుంది. కానీ తుప్పు. స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే ఉక్కులో క్రోమియం సుమారు పదిన్నర శాతానికి తగ్గకూడదు, కమాను పట్టాలో అంత ఉండదు. నిమ్మ, చీనీ రసం తగిలితే కార్బన్ ఉక్కు పావుగంటలో నల్లబడుతుంది, కోసిన ముక్కకు ఇనప వాసన కూడా వస్తుంది. ఇంక మన పని ఆవు మూత్రంతో, పేడతో, పులిసిన మజ్జిగతో. కొడవలి అయితే ఆకురాయితో గీకి నూనె రాసి చూరులో పెడతాం. మడత కత్తిలో తుప్పు ఇరుసు దగ్గర, కంటికి కనపడని చోట మొదలవుతుంది. అందుకే కొడవలి మామ దగ్గర, జేబు కత్తి స్టెయిన్‌లెస్. ఆయన ఇప్పటికీ ఒప్పుకోలేదు. నా కత్తి అడిగి తీసుకుని తమలపాకుల కాడలు మాత్రం కోసుకుంటాడు.

స్టెయిన్‌లెస్‌లో కూడా అన్నీ ఒకటి కాదు. బ్లేడు మీద ఒట్టి "స్టెయిన్‌లెస్" అని మాత్రమే రాసి, ఉక్కు పేరు ఎక్కడా లేకపోతే నేను కొనను. ఉక్కు పేరు చెప్పగలిగినవాడు దాన్ని ఎలా కాచి గట్టిపరిచాడో కూడా కొంత తెలిసినవాడే అయ్యుంటాడు. 12సీ27, 440సీ, 8సీఆర్13ఎంఓవీ, ఇలాంటివి కనపడతాయి. రాక్‌వెల్ గట్టిదనం 55 నుంచి 58 మధ్య ఉంటే మనకు చాలు. 60 దాటితే పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది నిజమే, మన దగ్గరున్న మామూలు రాయి మీద మళ్లీ పదునెక్కించడానికి ప్రాణం పోతుంది, రాయి తగిలితే అంచు చిట్లుతుంది. అంచు చిట్లడం అంటే మళ్లీ ఇనప ముక్క. నేను దేన్నుంచి పారిపోయానో మీకు తెలుసు కదా.

పిడి రంగు గురించి చెబితే మా ఆవిడ నవ్వుతుంది. నాది నారింజ రంగు ప్లాస్టిక్ పిడి, చిన్నపిల్లల బొమ్మలా ఉంటుంది. నల్ల పిడి కత్తి ఒకటి అంతకుముందు ఆచ్ఛాదనలో పడిపోయింది, ఇప్పటికీ దొరకలేదు. మనం నేలంతా ఆకులు, గడ్డి కప్పి ఉంచేవాళ్లం. నలుపు, పచ్చ, గోధుమ రంగు వస్తువు అందులో పడితే భూదేవికి ఇచ్చినట్టే. పిడి చివర రంధ్రం ఉంటే ఎర్ర దారం కూడా కట్టుకోండి. పిడి వెన్ను మూసేసి ఉండకుండా రెండు వైపులా తెరిచి ఉంటే కుళాయి కింద పెట్టగానే మట్టి కొట్టుకుపోతుంది. నేను చూసి కొన్నవాటిలో చాలామంది పట్టించుకోనిది ఇదే, తోటలో ఎక్కువ ఉపయోగపడిందీ ఇదే.

ఇంకో జాతి ఉంది, మడత కత్తిలాగే ఉంటుంది గానీ బ్లేడు మార్చుకోవచ్చు. రెండు మొనలున్న, పక్కలు ఏటవాలుగా ఉన్న చిన్న బ్లేడు. ఒక మొన అరిగితే తిప్పి పెట్టుకోవచ్చు. సాన పట్టడం రానివాళ్లకు బాగుంటుంది. మా ప్యాకింగ్ షెడ్డులో బాక్సుల టేపు, అట్టలు కోయడానికి అదే వాడుతున్నాం, జిగురు అంటుకుని పాడైనా బాధ లేదు. అరిగిన బ్లేడు మాత్రం ఎక్కడ వేస్తున్నామన్నది ముఖ్యం. పాత పౌడర్ డబ్బాకు సన్నని చీలిక పెట్టి గోడకు వేలాడదీశాను. లోపలికి పోతుంది, బయటికి రాదు. పనివాళ్లు మొదట్లో నవ్వారు. గౌరి సంగతి చెప్పాక నవ్వలేదు.

కొనేటప్పుడు చేతిలో పట్టుకుని చూసే వీలుంటే పట్టుకుని చూడండి. తెరిచి, బ్లేడు పక్కలకు ఊగుతుందా అని కదపండి. తర్వాత వేళ్లు బ్లేడు మూసుకునే దారిలో లేకుండా పిడిని పక్కల నుంచి పట్టుకుని, బ్లేడు వెన్నును చెక్క బల్ల మీద మెల్లగా ఒత్తండి. లాక్ జారితే అక్కడే వదిలేయండి. సుత్తితో కొట్టినట్టు కొట్టే పరీక్షలు యూట్యూబులో చూపిస్తారు, అవి లాకును పాడుచేయడానికే. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే వచ్చిన రోజే ఈ పరీక్ష చేయండి. మీటతో, బటన్‌తో ఎగిరి తెరుచుకునేవి మాత్రం వద్దు. మన దుమ్ముకు ఆ స్ప్రింగ్ నాలుగు నెలలు నిలవదు, జేబులో తెరుచుకుంటే ఇంకా ప్రమాదం. నాది తొమ్మిది వందల చిల్లర పడింది. పేరు రాయడం లేదు, రేపు అదే పేరుతో వేరే ఉక్కు రావచ్చు. పైన చెప్పినవి చూసి కొనుక్కోండి.

పదును పెట్టడానికి ఖరీదైన రాళ్లు అక్కర్లేదు. ఒక వైపు గరుకు, ఒక వైపు నునుపు ఉన్న మామూలు సానరాయి చాలు. అదీ లేకపోతే ఇంట్లో ఊరగాయ జాడీ తిరగేయండి. అడుగున మెరుపు పూత లేని గరుకు వలయం ఉంటుంది. దాని మీద తడి చేసి రుద్దితే కత్తి పదునెక్కుతుంది. మా అవ్వ చేసేది, అప్పట్లో అదేదో ముసలాళ్ల చాదస్తం అనుకునేవాణ్ణి. కోణం తెలియక ఇబ్బందిపడేవాళ్లకు ఒక చిట్కా. కాగితం మూలను సగానికి మడిస్తే 45 డిగ్రీలు, మళ్లీ సగానికి మడిస్తే ఇరవై రెండున్నర. ఆ మడతను రాయి పక్కన పెట్టుకుని అంతే వాలుగా బ్లేడు పట్టుకోండి. ఒక వైపు రుద్దుతూ ఉంటే అవతలి వైపు అంచుకు సన్నని గరుకు పొర తేలుతుంది, వేలిని అంచుకు అడ్డంగా, వెన్ను నుంచి అంచు వైపు తడిమితే తెలుస్తుంది. అంచు పొడవునా ఆ పొర వచ్చాకే రెండో వైపు తిప్పండి. చివర్లో పాత తోలు బెల్టు మీద వెనక్కి నాలుగుసార్లు లాగండి. మొద్దు కత్తే చెయ్యి కోస్తుంది, బలం పెడతాం కాబట్టి.

ఇరుసుకు నెలకోసారి ఒక చుక్క కుట్టు మిషను నూనె. గానుగ నూనె అమ్మేవాణ్ణి నేనే చెబుతున్నా, ఇరుసులో శెనగనూనె వేయకండి, కొన్నాళ్లకు జిగురుకట్టి దుమ్ము పట్టుకుంటుంది. బ్లేడుకు మాత్రం కొంచెం కొబ్బరినూనె రాస్తాను, దాంతోనే కాయ కోసుకుని తింటాం కదా.

దానిమ్మ రైతులకు ప్రత్యేకంగా ఒక మాట. బ్యాక్టీరియా మచ్చ తెగులు కత్తుల ద్వారా, కత్తెర్ల ద్వారా చెట్టు నుంచి చెట్టుకు పోతుంది. మడత కత్తి గాడిలో చేరిన రసం, జిగురు సరిగ్గా తుడవలేం. అందుకే జేబు కత్తితో నేను దానిమ్మ కొమ్మను ముట్టుకోను, ఒక్క చిగురు కూడా. దానికి కత్తెర వేరే, చెట్టు మారినప్పుడల్లా స్పిరిట్ గుడ్డతో తుడవాలి. "ప్రకృతి వ్యవసాయంలో స్పిరిట్ ఏంటన్నా" అని ఒక కుర్రాడు శిక్షణలో అడిగాడు. మనం దాన్ని నేల మీద పోయడం లేదు నాయనా, ఇనుముకు రాస్తున్నాం. తెగులొచ్చాక ఎకరంన్నర తోట చూస్తూ కూర్చోవడం కంటే ఆ గుడ్డ ముక్క నయం. హైపోక్లోరైట్ ద్రావణం వాడేవాళ్లు తర్వాత నీళ్లతో కడిగి ఆరబెట్టండి, లేకపోతే స్టెయిన్‌లెస్ కూడా గుంటలు పడుతుంది.

జేబులో కత్తి పెట్టుకుంటే పోలీసులు పట్టుకుంటారా అని అడిగేవాళ్లు ఉన్నారు. ఆయుధాల నిబంధనలు 2016 ప్రకారం తొమ్మిది అంగుళాల కంటే పొడవు, లేదా రెండు అంగుళాల కంటే వెడల్పు బ్లేడు ఉన్న కత్తులు ఆయుధాల పట్టికలో ఉన్నాయి. ఇంటి అవసరానికి, వ్యవసాయానికి తయారైనవాటికి అందులో మినహాయింపు ఉంది. మన మూడు అంగుళాల కత్తి ఆ లెక్కలోకి రాదు. అలాగని సభలకు, ఊరేగింపులకు, ఎన్నికలప్పుడు చెకింగులున్న చోటికి జేబులో పెట్టుకుని పోకండి, అక్కడ వివరించుకుంటూ నిలబడాలి. విమానం ఎక్కేవాళ్లు కత్తిని చెక్-ఇన్ సామానులో వేయాలి, చేతి సంచిలో ఒప్పుకోరు. నేను ఊరు దాటితే కత్తిని బండి డిక్కీలో పెట్టేస్తాను.

దీనితో డబ్బా మూతలు లేపకండి, మట్టి తవ్వకండి, అరటి పిలకలు కొట్టకండి. స్క్రూడ్రైవర్, గునపం, గడ్డపార ఉన్నది అందుకే.

గౌరి ఆ తర్వాత ఒకసారి ఈనింది, ఇందాక చెప్పిన పెయ్యదూడ దానిదే. వామి దగ్గర ఇప్పుడు పాత స్పీకరు అయస్కాంతం ఒకటి కర్రకు కట్టి ఉంచాం. మేత వేసే ముందు దాన్ని కట్టె మీద రెండుసార్లు తిప్పడం నాయన పని, ఎవరూ చెప్పకుండా ఆయనే పెట్టుకున్నాడు. పోయిన వారం కూడా ఒక మేకు దొరికింది. దాన్ని తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. జాడీ మీద సాన పట్టడం, లాక్ పరీక్ష రెండూ కింది వీడియోలో ఉన్నాయి, పిల్లలు దగ్గర లేనప్పుడు చేసి చూడండి.